గోటి కింద నలుపు

ఆ ఎన్నికల కాలమంతా మా ఇల్లు ఆకుపచ్చగా ఉండేది. సబ్బుబిళ్ళ ఆకుపచ్చ, తలుపు గొళ్ళెం ఆకుపచ్చ, టీ గ్లాసుల మీద వేలిముద్రలు ఆకుపచ్చ. మా వదిన, అంటే మా ఆయన అక్క, నెరిసిన జుట్టులో కూడా చెవి పైన ఒక పాయ ఆకుపచ్చగా ఉండేది. జెండాలు మడతపెడుతూ మధ్యమధ్యలో తల గోక్కోవడం ఆవిడకు అలవాటు.

మాది బట్ట మీద అచ్చు వేసే చిన్న ప్రెస్సు. వీధివైపు గదులు ప్రెస్సుకి, వెనకవైపు గదులు మాకు. మామూలప్పుడు స్కూలు సంచులూ దుకాణాల సంచులూ వేసుకుంటూ ఉంటాం. ఎన్నికలు వచ్చాయంటే అవన్నీ మూలకు పోతాయి. ఆ ఏడు ఒకే పార్టీ పని దొరికింది. వాళ్ళ గుర్తు నిచ్చెన, పసుపుపచ్చ గుడ్డ మీద ఆకుపచ్చది. పొద్దున లేస్తే నిచ్చెన, సాయంత్రం దాకా నిచ్చెన. కళ్ళు మూసుకున్నా మెట్లే కనిపించేవి.

ఫ్రేములు తయారుచేసేది నేను. చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీకి మందు పూసి, చీకటిగదిలో ఆరబెట్టి, బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి లైటు చూపించి కడిగితే, బొమ్మ ఉన్నచోట మాత్రం జాలీ తెరుచుకుంటుంది. రంగు దిగేది ఆ సందుల్లోంచే. రంగు పోసి రబ్బరు చెక్కతో లాగేది మా ఆయన. కుడి బొటనవేలితో చెక్కను నొక్కిపట్టి ఒక్క ఊపున లాగుతారు. ఆయన లాగితే అంచు చెదరదని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

ఆ బొటనవేలి గోటికి మొదలు నుంచి చివరి దాకా ఒక నల్లగీత ఉండేది. ఎప్పటినుంచి ఉందో మాలో ఎవరికీ తెలియదు. రంగు పని చేసే ఇంట్లో చేతిమీద మచ్చ కనిపిస్తే అది ఏ పార్టీదని అడుగుతారు గాని, ఏమిటని అడగరు.

నాకు అది కనిపించింది ఆయనకు దగ్గు పట్టుకున్నప్పుడు. వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందు రాయించుకుని లేవబోతుంటే, ఆ చెయ్యి కూడా చూపించమన్నాను. ఆయన విసుగ్గా బొటనవేలు ముందుకు చాచారు, లిఫ్ట్ అడిగేవాడిలాగా.

డాక్టరు బల్ల అవతలి నుంచే చూశాడు. చెయ్యి పట్టుకోలేదు. చెవి దగ్గర ఫోను అలాగే ఉంది.

"ఏం పని చేస్తారు?"

"ప్రింటింగండీ."

"ఇంకేముంది మరి! పొద్దస్తమానం రసాయనాల్లో చేతులు పెడితే గోటికి ఫంగస్ రాక ఇంకేమొస్తుంది?" అని చీటీ కింద ఇంకో మందు రాశాడు. గోటికి పూసే మందు. చిన్న సీసా, మూతకే బ్రష్షు.

ఆ సీసా చూసి మా వదిన నవ్వలేక చచ్చింది. "తమ్ముడూ, ఈ వయసులో నీకు గోళ్ళరంగు యోగం పట్టిందిరా! పదివేళ్ళకీ వేసుకో, చూడ్డానికి బాగుంటుంది."

"నువ్వు జుట్టుకి వేసుకున్నావుగా అక్కా, నేను గోటికి వేసుకుంటా" అన్నారు ఈయన.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరు చూశాడు, మందిచ్చాడు. ఇంకేం కావాలి?

సీసా అయిపోయింది. గీత పోలేదు. పోకపోగా పెన్సిలు గీతలా ఉండేది కాస్తా అగ్గిపుల్లంత అయింది. ఒక పక్క నల్లగా, ఇంకో పక్క గోధుమరంగుగా, రెండు రంగులు సరిగా కలవని అచ్చులాగా.

ఒకరోజు పని అయ్యాక గుడ్డకు థిన్నరు పట్టించి ఆయన చేతులు నేనే తుడిచాను. వేళ్ళ సందుల్లోంచీ, గోళ్ళ మూలల్లోంచీ ఆకుపచ్చ అంతా వచ్చేసింది. నలుపు మాత్రం ఉన్నచోటే ఉంది. గట్టిగా రుద్దాను.

"చర్మం ఊడదీస్తావా ఏమిటి?" అని చెయ్యి లాక్కోబోయారు.

"ఏవండీ, మనం నలుపు వేసి ఎన్నాళ్ళయింది?"

"ఏమో. స్కూలు సంచులకు వేశాం."

"అది ఎండాకాలం మొదట్లో. తర్వాత నలుపు డబ్బా మూత కూడా తియ్యలేదు. ఈ గోరు అప్పటినుంచి ఎన్నిసార్లు కత్తిరించుకున్నారు? అప్పటి రంగయితే గోటితో పాటు జరిగి జరిగి ఎప్పుడో ఊడిపోయి ఉండాలి కదా?"

ఆయన గోరు వైపు చూసుకున్నారు. ఒక్క క్షణం ఆయనకూ అనుమానం తగిలినట్టే ఉంది. ఇంతలో వదిన వచ్చింది.

"అదా? మొన్న ఫ్రేము మీద పడలేదూ? రక్తం గడ్డకట్టింది. నాకు కాలివేలికి అవలేదూ, పోయేసరికి ఏడాది పట్టింది."

"ఫ్రేము పడింది ఎడమచేతి మీద వదినా."

"ఏ చేతి మీద పడితేనేం, రక్తం ఒకటే కదా!"

ఆవిడతో వాదించడం కంటే గోడకు చెప్పుకోవడం నయం. గోడ కనీసం ఎదురు చెప్పదు. ఈయనకు కావలసిన మాట అక్క నోట దొరికింది, లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నేను పొద్దునా సాయంత్రం అదే మాట. చర్మం డాక్టరుకి చూపిద్దాం రండి. ఆయనదీ ఒకటే మాట. చూద్దాంలే. మా ఇంట్లో 'చూద్దాంలే' అంటే చూడం అని అర్థం. జెండాలు పట్టుకెళ్ళే పార్టీ మనిషి ఒకడు రోజూ వచ్చి కూర్చునేవాడు. నోరు తెరిస్తే అర్జెంటు అనేవాడు గనక మేం అతన్ని అర్జెంటు అనే పిలిచేవాళ్ళం. నేను చర్మం డాక్టరు మాట ఎత్తినప్పుడల్లా అతనూ తల దూర్చేవాడు.

"గోరేగా అమ్మా! గోరు పోతే మళ్ళీ వస్తుంది. ఎలక్షను పోతే అయిదేళ్ళకు గాని రాదు. అర్జెంటుగా ఈ లాటు కానివ్వండి."

చివరికి ఆ దేవుడు కరుణించి ఒకరోజు పొద్దుటి నుంచీ కరెంటు తీసేశాడు. ఆరబెట్టే ఫ్యాన్లు తిరగవు, పని సాగదు. ఆయనకు చెప్పడానికి వంక మిగల్లేదు. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టాను.

ఆవిడ ముందు సబ్బిచ్చి చేతులు కడుక్కురమ్మంది. ఆయన కడుక్కొచ్చారు. చూసి, మళ్ళీ కడుక్కోమంది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, బొటనవేలిని తన చేతిలోకి తీసుకుని, లైటు ఉన్న భూతద్దం లాంటిది గోటికి ఆనించి చూసింది. ఎంతసేపు చూసిందంటే ఈయన నావైపు తిరిగి కళ్ళెగరేశారు. మిగతా గోళ్ళన్నీ చూసింది. చెప్పులు విప్పించి అరికాళ్ళు, కాలివేళ్ళ సందులు చూసింది. చంకలో నొక్కి చూసింది.

"దెబ్బ తగిలిందా ఈ వేలికి?"

"లేదండీ."

"మొదట ఇంత వెడల్పు ఉండేదా?"

"లేదు. సన్నగా ఉండేది" అన్నాను నేను.

"ఇలా వచ్చి చూడండి." అద్దం నాకిచ్చింది. "గీత గోటితో ఆగిపోలేదు. గోరు మొదలయ్యే దగ్గర, ఈ చర్మం మీద కూడా నలుపు పరుచుకుంది. కనిపిస్తోందా? ఫంగసయినా రక్తమయినా అలా చర్మం మీదికి రాదు. గోటి మొదట్లో రంగు పుట్టించే కణాలుంటాయి. అవి దారి తప్పాయేమోనని నా అనుమానం. మెలనోమా అంటారు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో చెడ్డది. అవునో కాదో తేలాలంటే వేలికి మత్తిచ్చి, గోరెత్తి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అది తెల్లటి దొరలకు ఎండ తగిలితే వచ్చే జబ్బు కదండీ. మాది చూడండి, ఈ రంగు."

"ఒంటి రంగు ఏదయినా గోళ్ళ కింద, అరికాళ్ళలో ఇది వస్తుంది. వాటికి ఎండతో పనిలేదు."

"కత్తి తగిలితే పాకుతుందంటారు."

"ఎవరంటారు?" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు. నిజంగానే ఎవరో చెబితే వాళ్ళతో మాట్లాడదామన్నట్టు. "ముక్క తీసినందువల్ల పాకదు. ఊరుకుంటే పాకుతుంది. ఈ వారమే చేయించుకోండి."

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి చొక్కా సర్దుకుంటూ, "ఓట్లయ్యాక చేయించుకుందాం" అన్నారు.

వీధిలో గొడవెందుకని ఇంటికెళ్ళే దాకా ఓర్చుకున్నాను. ఇంట్లో మాత్రం నోరు మూతపడలేదు. అరిచాను, ఏడిచాను, తిండి మానేశాను. వదిన ముందు నన్నే శాంతించమంది. "అనుమానమే అందిగా అమ్మాయ్. అనుమానానికే వేలు కోయించుకుంటారా? వాడు ఆ చేత్తోనే కదా ఈ ఇంటిని నిలబెట్టింది." ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో భయం చూశాను. భయపడ్డ మనిషిని మరీ ఏమంటాం? ఆయనా అంతే. పని ఆపితే పని పోతుందని పైకి అనేవారు. రాత్రిళ్ళు అటు తిరిగి పడుకుని ఆ వేలిని ఇంకో చేత్తో మూసిపట్టుకునేవారు. నేను చూడలేదనుకునేవారు.

భయం ఉంటే వెళ్ళాలి కదా! భయం ఉందనే వెళ్ళరట. దీన్ని ఎవరికి చెప్పుకోను?

గడువు పెట్టిన వారం గడిచింది. ఆ పై వారమూ గడిచింది. నిచ్చెనల మీద నిచ్చెనలు దిగుతున్నాయి. అర్జెంటు కొత్తగా తలకు కట్టుకునే గుడ్డలు కావాలన్నాడు. ఆయన సరేనన్నారు. ఆ 'సరే' నా చెవిన పడ్డప్పుడు నేను చీకటిగదిలో జాలీకి మందు పూస్తున్నాను. పూత సగంలో ఆపేశాను.

ఆ మధ్యాహ్నం ఆయనా అర్జెంటూ కలిసి జెండాల మూటలు దించడానికి వెళ్ళారు. వదిన కునుకు తీస్తోంది. నేను నిచ్చెన ఉన్న ఫ్రేములన్నీ పెరట్లోకి మోసుకెళ్ళి గోడకు ఆనించాను. మందును కరిగించే మందు రెండువైపులా పూసి, కాసేపు నాననిచ్చి, గొట్టం పెట్టి కడిగాను. మెట్లు ఒక్కొక్కటే విడిపోయి, పొట్టులాగా ఊడి కాలవలోకి పోయాయి. బ్రష్షుతో మూలలు కూడా రుద్దాను. చేసే పని శుభ్రంగా చెయ్యడం నాకు అలవాటు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి తెల్లటి జాలీలు వరసగా ఎండలో ఆరుతున్నాయి.

అర్జెంటు ముందు చూశాడు. "అమ్మా, నిచ్చెన ఏదమ్మా?"

"కడిగేశాను."

"అయ్యో, కడిగేయడమేమిటి? పొరపాటునా?"

"పొరపాటున ఎవరైనా ఇన్ని ఫ్రేములు కడుగుతారా?"

"సరే, సరే. మళ్ళీ చెయ్యడానికి ఎంతసేపు? అర్జెంటమ్మా!"

"నేను కూర్చుంటే ఒక పూట. నేను కూర్చోను. వేరే చోట చేయించుకోండి. నిచ్చెన ఎవరు దించినా నిచ్చెనే."

అర్జెంటు మా ఆయన వైపు తిరిగాడు. నాలుగు తిడతారని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. నిద్రలేచి గుమ్మంలోకి వచ్చిన వదిన కూడా అదే అనుకుని, "వద్దురా తమ్ముడూ, దానికి మతి చెడింది" అని ముందే అడ్డం వచ్చింది.

ఆయన ఒక ఫ్రేము తీసి ఎండకు ఎత్తి, జాలీలోంచి చూశారు. ఎక్కడైనా మందు మిగిలిందేమోనని చూస్తారు అలా. ఏమీ మిగల్లేదు. దాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించి లోపలికి వెళ్ళారు. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది.

"ఆ డాక్టరమ్మ ఎప్పటిదాకా ఉంటుంది?" అన్నారు లోపలి నుంచి.

ముక్క తీశారు. ఫలితం వచ్చింది. అనుమానమే నిజమైంది. ఆపరేషను చేసే డాక్టరు బొటనవేలి బొమ్మ గీసి, పై కణుపు దగ్గర అడ్డంగా గీత పెట్టాడు. "ఇక్కడి దాకా తీసేస్తాం. చంకలో మొదట తగిలే గ్రంథిని కూడా తీసి పరీక్షిస్తాం, అక్కడిదాకా పోయిందో లేదో తెలుస్తుంది."

"కింది కణుపు ఉంటుందా?" అని అడిగారు ఈయన.

"ఉంటుంది."

"అయితే చెక్క పట్టుకోవచ్చు" అన్నారు. అర్థం కాక డాక్టరు నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ఓట్లనాడు ఆయన ఆసుపత్రి మంచం మీదే ఉన్నారు. చేతికి పెద్ద కట్టు, చంకలోంచి గొట్టం. మధ్యలో కళ్ళు తెరిచి, "వీధంతా పచ్చగానే ఉందా?" అని అడిగారు. ఆ జెండాలు ఆసుపత్రి గేటు దాకా కట్టి ఉన్నాయి. అంచు చెదరని నిచ్చెనలు. ఉన్నాయన్నాను. నిచ్చెన ఓడిపోయింది. అర్జెంటు ఆ తర్వాత మా వీధిలో కనిపించలేదు.

వేలు కోసిన అంచుల్లో జబ్బు మిగల్లేదన్నారు. గ్రంథిలో మాత్రం కొంచెం ఉందన్నారు. స్కానులో ఇంకెక్కడా కనిపించలేదు. ఏడాది పాటు సూదిమందు, మధ్యమధ్య స్కాను, జీవితాంతం పరీక్షలు. నేను డాక్టరమ్మను వరండాలో ఆపి అడిగాను, గీత సన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే గ్రంథి దాకా పోయేది కాదా అని.

"పోయి ఉండకపోవచ్చు" అంది. "కచ్చితంగా చెప్పలేనమ్మా. త్వరగా వస్తే ఎప్పుడూ మేలే."

పోయి ఉండకపోవచ్చు. ఈ మాట పట్టుకుని ఏం చెయ్యాలి? ఆయన మీద అరుద్దామంటే ఎడంచేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేక పెనుగులాడుతూ, నేను దగ్గరికెళితే కసురుతున్నారు. వదిన మీద అరుద్దామంటే ఆవిడ అన్నం కలిపిపెట్టి తమ్ముడి పక్కన కూర్చుని, జుట్టు రాలినా పట్టించుకోకుండా గోక్కుంటోంది. ఇద్దరూ నాకంటే ముందే ఓడిపోయి ఉన్నారు. కోపం మాత్రం నాలో ఎక్కడికీ పోక సలుపుతోంది.

ఒక సాయంత్రం చెప్పులేసుకుని వీధి చివరికి నడిచాను. డాక్టరు దగ్గర ఎప్పట్లాగే జనం. వరసలో కూర్చున్నాను. పిల్లలు ఏడుస్తున్నారు, ఒక ముసలాయన దగ్గుతున్నాడు. లోపలికెళ్ళినవాళ్ళు కుర్చీ వెచ్చబడక ముందే బయటికొచ్చేస్తున్నారు. నా వంతొచ్చింది.

"చెప్పండమ్మా, ఏమిటి బాధ?" చీటీ ముందుకు లాక్కుని పెన్ను పట్టుకున్నాడు.

"నాకేం లేదండీ. మా ఆయన గురించి చెప్పడానికొచ్చాను."

"తీసుకురాలేదా?"

"అప్పుడు తీసుకొచ్చాను. దగ్గుకి. లేస్తూ లేస్తూ బొటనవేలు చూపించారు. గోటికి నల్లగీత. మీరు ఫంగస్ అన్నారు, పూత మందిచ్చారు. అది మెలనోమా. వేలు తీసేశారు. చంకలో గ్రంథికి కూడా వచ్చింది."

పెన్ను ఆగింది. ఆయన నా మొహంలోకి చూశాడు. గుర్తుచేసుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. అది కూడా కనిపించింది.

"నేనా? ఎప్పుడు?"

"ఎన్నికల పని మొదలైన కొత్తలో. ప్రింటింగ్ చేస్తామని చెప్పాం."

"రోజుకి ఎంతమంది వస్తారో తెలుసా అమ్మా నా దగ్గరికి?"

"తెలుసు. ఇంతసేపూ బయట కూర్చుని చూశాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు తగ్గింది. "మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరూ అర్థం చేసుకోవాలి. అది చాలా అరుదమ్మా. ఎప్పుడో కాలేజీలో పుస్తకంలో చదువుకున్నదే. ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను, ఇంతమంది చేతులు చూశాను. అలాంటి కేసు నేను ఒక్కటి కూడా చూడలేదు."

"చూశారు" అన్నాను. "ఒకటి చూశారు."